టైపు చెయ్యని మాట

కిందటి వారం పిట్టను డిజైన్ స్టూడియోలో, తన బల్ల ముందు, కొత్త టాబ్లెట్ తెర మీద పడ్డ ఒకే ఒక్క వాక్యం దగ్గర వదిలేసి వచ్చాం. కథలోకి ఇవాళే అడుగుపెడుతున్నవాళ్ళ కోసం ముందు నాలుగు ముక్కలు చెప్పాలి.

పిట్ట యూనివర్సిటీలో ఆర్కిటెక్చర్ నాలుగో ఏడు చదువుతోంది. చిన్నప్పుడు నోటికి తాళం లేకుండా మాట్లాడుతుంటే ఇంట్లోవాళ్ళు వసపిట్ట అనేవాళ్ళు. బడిలో ఉండగా వచ్చిన ఒక జ్వరం రెండు చెవుల వినికిడినీ తీసుకుపోయింది. మాట మిగిలింది. పేరులో పిట్ట మిగిలింది. యూనివర్సిటీకి వచ్చాక ఆమెకు చెవులంటే టైపక్కే. ఆవిడ పూర్వం కోర్టులో సాక్షులు చెప్పేది చెప్పినట్టు టైపు చేసేది. ఇప్పుడు వికలాంగ విద్యార్థుల సహాయ కేంద్రంలో ఉద్యోగం. క్లాసులో వెనక వరసలో కూర్చుని వినపడిందల్లా చకచకా కొడుతుంటే, ఆ అక్షరాలు ముందు వరసలో ఉన్న పిట్ట తెర మీద పడేవి.

ఈ వారం కేంద్రం అధికారి టైపక్కను క్లాసుకి రావద్దని చెప్పి, ఆవిడ బదులు ఒక సాఫ్ట్‌వేర్‌ని పెట్టాడు. అది మనిషి మాట విని తనంతట తానే అక్షరాలు చేస్తుంది. సెలవు పెట్టదు, తలనొప్పి అనదు. బాగా పనిచేస్తే ఇక టైపక్క అవసరం ఉండదు. ఆ సంగతి తేల్చడానికి రేపు కమిటీ కూర్చుంటోంది. అక్క తరఫున గట్టిగా మాట్లాడతానని పిట్ట మాటిచ్చింది.

ఇక ఆ వాక్యం సంగతి.

ఆ రోజు డిజైన్ సారు కొత్త ప్రాజెక్టుకి గ్రూపులు వేస్తున్నారు. సాఫ్ట్‌వేర్‌కి ఇంకా ఈ చదువు ఒంటబట్టలేదు. సారు దూలం అంటే దూరం అని రాసింది. సున్నం అంటే సొంతం అంది. సొంతం కొట్టిన గోడ చల్లగా ఉంటుందని చదివి పిట్ట తనలో తాను నవ్వుకుంది. కమిటీ ముందు చెప్పడానికి పనికొస్తాయని ఆ తప్పులన్నీ మనసులో పోగేసుకుంటోంది. అంతలో తెర మీద ఆ వాక్యం వచ్చింది, దాని వెనకే ఇంకొన్ని.

మాట్లాడేవారు 4: మా గ్రూపులో వద్దు సార్.

మాట్లాడేవారు 1: ఎందుకని?

మాట్లాడేవారు 4: లేటవుతుంది సార్. ప్రతిదీ రెండుసార్లు చెప్పాలి.

(నవ్వు)

మాట్లాడేవారు 6: అయినా ఆమెవి ఎవరు గీస్తారో అందరికీ తెలుసు కదా సార్.

(నవ్వు)

మాట్లాడేవారు 1: సరే సరే. ఆమె విడిగా చేసుకుంటుంది.

దూలాన్ని దూరం చేసిన యంత్రం ఈ ముక్కల్లో ఒక్క అచ్చుతప్పు కూడా చెయ్యలేదు.

సారు ఆమె బల్ల దగ్గరికి వచ్చారు. పెదాలు పెద్దవిగా కదిలిస్తూ, నువ్వు సొంతంగా చెయ్యగలవు, అందుకే నీకు విడిగా ఇస్తున్నాను అన్నారు. ఈ టర్ము మొదట్లో కూడా అదే మాట అన్నారు. అప్పుడు పిట్ట ఇంటికెళ్ళి అమ్మకు చెప్పింది. అమ్మ పక్కింటివాళ్ళకు చెప్పింది.

"అలాగే సార్," అంది పిట్ట.

మిన్ను విరిగి మీద పడటం అంటారే, అలాంటిదేమీ జరగలేదు. ఏడుపు రాలేదు. వేళ్ళ మీద ఎండిన జిగురు పొరను గోటితో తీస్తూ కూర్చుంది. చూపుడు వేలిది ఒక్కసారిగా, చిరగకుండా ఊడి వచ్చింది. దాన్ని మడిచి బల్ల అంచున పెట్టి, తర్వాతి వేలు మొదలుపెట్టింది. క్లాసు అయిపోయినట్టు పక్కవాళ్ళ కుర్చీలు కదిలితే తెలిసింది.

ఆమె మెదడు మాత్రం ఒక లెక్క చేస్తూనే ఉంది. వెనక వరసలో టైపక్క లేదు కాబట్టి, ఇవాళ తనదాకా ఏదీ చేరదని వాళ్ళు నోరు పారేసుకున్నారా? లేకపోతే రోజూ ఇలాగే అంటుంటే తనకే ఇన్నాళ్ళూ చేరలేదా? మొదటిదైతే రేపు కమిటీలో చెప్పాల్సిన మాట మారదు. రెండోదైతే?

ఇంకొకటి కూడా ఉంది. ఆమెవి ఎవరు గీస్తారో, అన్నారు. పిట్ట బొమ్మలు పిట్టే గీస్తుంది. పెన్సిల్ ముట్టుకోవడానికి కూడా ఇంకొకరికి ఇవ్వదు. మరి ఎవరి గురించి ఆ మాట?

తన పక్క బల్ల ఖాళీగా ఉంది. అది కత్తెరది. అట్టముక్కలు వెంట్రుకవాసి తేడా లేకుండా కోస్తుందని ఆ అమ్మాయికి ఆ పేరు పిట్టే పెట్టింది. మొదటి ఏడు మొదటి రోజు నుంచీ ఇద్దరూ ఒకే కంచం ఒకే మంచం. ఈ టర్ములో కత్తెర వారానికి కొన్ని రోజులు ఊళ్ళో పేరున్న ఒక ఆర్కిటెక్టు ఆఫీసుకి వెళ్తోంది. తెల్లగడ్డం పెద్దాయన. ఏటా డిజైన్ పరీక్షకి, అంటే జ్యూరీకి, బయటినుంచి వచ్చి పిల్లల్ని నిలబెట్టి ప్రశ్నలు అడిగి, వాళ్ళలో ఒకరిని తన ఆఫీసుకి తీసుకుంటాడు. పోయిన జ్యూరీలో ఆయన పిట్ట గీసిన బస్టాండు మోడల్ ముందు అందరికంటే ఎక్కువసేపు నిలబడ్డాడు. వంగి లోపలికి చూశాడు. కానీ తీసుకున్నది కత్తెరని. ఆఫీసన్నాక ఫోన్లుంటాయి, మేస్త్రీల కేకలుంటాయి, వినపడే మనిషే కావాలి కదా అని పిట్ట సర్ది చెప్పుకుంది. ఆ సాయంత్రం కత్తెరను కాంటీన్‌కి లాక్కెళ్ళి అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది కూడా తనే.

పిట్ట టాబ్లెట్ సంచిలో పెట్టుకుని సహాయ కేంద్రానికి నడిచింది.

అది లైబ్రరీ వెనక ఒక పొడవాటి వరండా. మొదటి గదిలో చూపులేని విద్యార్థుల కోసం బ్రెయిలీ పుస్తకాలు అచ్చువేసే యంత్రం ఉంటుంది. అది నడుస్తుంటే వినపడేవాళ్ళు చెవులు మూసుకుంటారు. పిట్టకు చెప్పుల కింద గచ్చు సన్నగా వణికినట్టు తెలుస్తుంది. రెండో గదిలో చక్రాల కుర్చీల మరమ్మతు. మూడోది టైపక్కది. కిటికీ లేని గది. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకి ఒక చిన్న అద్దం.

టైపక్క దూదితో కీబోర్డు మీటల మధ్య దుమ్ము తీస్తోంది. పని లేని వారం కదా, అవి అద్దాల్లా మెరుస్తున్నాయి. పిట్ట మొహం చూసి దూది పక్కన పెట్టింది. అలవాటుగా వేళ్ళు మీటల మీదికి వెళ్ళాయి.

"టైపు చెయ్యొద్దక్కా," అంది పిట్ట. టాబ్లెట్ తీసి ఇద్దరి మధ్యా బల్ల మీద నిలబెట్టింది. "మాట్లాడండి చాలు. ఇది రాస్తుంది."

టైపక్క ఆ టాబ్లెట్‌ని సవతిని చూసినట్టు చూసింది.

పిట్ట తెర మీది రాతను వెనక్కి జరిపి క్లాసులో వచ్చిన ముక్కలు చూపించింది. టైపక్క కళ్ళజోడు పెట్టుకుని చదివింది. చదవడం అయిపోయాక కూడా కళ్ళు అక్కడే ఉన్నాయి. మొదటి గదిలో బ్రెయిలీ యంత్రం మొదలైనట్టుంది, బల్ల మీది టాబ్లెట్ కొద్దికొద్దిగా కదిలింది. తెర మీద (చప్పుడు) అని వచ్చింది.

"ఇలాంటివి ఇంతకుముందు కూడా అన్నారా?"

బస్సు ఎన్నింటికి అని అడిగినట్టు అడిగింది పిట్ట. తన గొంతు ఎలా పలికిందో ఆమెకు తెలియదు కదా. కానీ ఛాతీలో ఏ కదలికా లేదని మాత్రం తెలుస్తోంది.

టైపక్క పెదాలు కదిలాయి. పిట్ట వాటివైపు చూడలేదు. తెరనే చూసింది.

మాట్లాడేవారు 1: అన్నారు.

"ఎప్పటినుంచి?"

మాట్లాడేవారు 1: పోయిన జ్యూరీ అయినప్పటినుంచి.

"మీరు టైపు చెయ్యలేదు."

మాట్లాడేవారు 1: చెయ్యలేదు తల్లీ.

యంత్రానికి గొంతులో ఏముందో తెలియదు. అది రాసే అక్షరాల్లో టైపక్క గొంతు వణికిందో లేదో పిట్టకు తెలిసే దారి లేదు. తలెత్తితే తెలుస్తుంది. ఎత్తలేదు.

టైపక్క చెప్పుకుంటూ పోయింది. కోర్టులో ఉన్న రోజుల్లో ఒక అమ్మాయి సాక్ష్యం చెప్పడానికి వచ్చిందట. ప్లీడరు అడగకూడనివన్నీ అడిగాడట. ఉద్యోగ ధర్మం కాబట్టి తను పొల్లుపోకుండా కొట్టిందట. తర్వాత ఆ కాగితాలు ఆ అమ్మాయి చేతికే ఇచ్చి, చదివి సంతకం పెట్టమన్నారట. ఆ పిల్ల వాటిని చదవడం ఎదురుగా కూర్చుని చూశాక, ఇక ఆ ఉద్యోగం చెయ్యబుద్ధి కాలేదట. ఇక్కడికొచ్చాక, ఒకళ్ళకి సాయమయ్యే మాటలే తన వేళ్ళలోంచి పోవాలనుకుందట.

పిట్ట అంతా చదివింది. సాక్ష్యం అన్నచోట యంత్రం సాక్షాత్తు అని రాసింది. ఇంకో రోజైతే ఇద్దరూ నవ్వేవాళ్ళు.

"బయట వాన పడుతోందని కూడా టైపు చేసేవారు," అంది. "ఎవరో దగ్గారు, ఎవరి కుర్చీయో జరిగింది అని కూడా. సారు జోకేస్తే క్లాసు నవ్వింది అని రాసేవారు, నేనూ నవ్వేదాన్ని. వాళ్ళు విన్నదీ నేను చదివిందీ ఒకటే అనుకున్నాను. నాలుగేళ్ళుగా అందరితో పాటు ఒకే గదిలో కూర్చున్నాననుకున్నానక్కా."

టైపక్క కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"రేపు కమిటీలో మీ తరఫున మాట్లాడతానని చెప్పాను. ఇప్పుడేం చెప్పమంటారు?"

మాట్లాడేవారు 1: నా తరఫున మాట్లాడకు. నేను అడగను.

ఆ రెండు ముక్కల్లో ఏదో తేడా ఉందని పిట్టకు అనిపించింది. అప్పుడు తలెత్తింది. ఉద్యోగం పోతుందని భయపడే మనిషి మొహం కాదది. ఇంకా ఏదో చెప్పాల్సి ఉండి, అది చెబితే ఇప్పటిదాకా చెప్పింది ఏ మూలకూ రాదని తెలిసిన మొహం.

"జ్యూరీ నుంచి అన్నారు. అంతకుముందు అనలేదా?"

టైపక్క తల అడ్డంగా ఊపింది.

"అయితే జ్యూరీలో ఏమయింది?"

ఆవిడ చెప్పడానికి చాలాసేపు పట్టింది. ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఒక్కో ముక్కా అక్షరాలై తెర మీద నిలబడ్డాక కానీ తర్వాతది రాలేదు. మనం దాన్ని వరసగా చెప్పుకుందాం.

పిట్ట గీసిన బస్టాండు మామూలుది కాదు. రొద లేని బస్టాండు. గోడలకి చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, పైకప్పును అలల్లా వంచి, ఇంజన్ల మోత ప్రయాణికుల దాకా రాకుండా మింగేసేలా చేసింది. బస్సు వచ్చిన సంగతి కేకలతో కాకుండా నేల మీద వెలిగే దీపాలతో తెలుస్తుంది. వినికిడి పోయినా మోత తన ఎముకల్లోకి ఎలా వస్తుందో పిట్టకు బాగా తెలుసు. వినపడేవాళ్ళు చెవులతో భరించేదాన్ని ఆమె పక్కటెముకలతో కొలిచింది. జ్యూరీ నాడు పెద్దాయన ఆ మోడల్ చుట్టూ తిరిగి తిరిగి, ఆగి, పిట్టను ఒక ప్రశ్న అడిగాడు.

అప్పుడు తన తెర మీద వచ్చిన ప్రశ్న పిట్టకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. చాలా బాగుంది, ఇందులో నీ పక్కనున్న అమ్మాయి సాయం కూడా ఉందా? ఇదీ ఆ ప్రశ్న. మోడల్ కోసం కత్తెర నిద్ర మానుకుని ఆ రంధ్రాలన్నీ ఒక్కొక్కటే కోసింది మరి. పిట్ట పొంగిపోయి, అవునండీ, తను లేకపోతే ఇది ఇలా వచ్చేదే కాదు అంది. పెద్దాయన తలూపాడు. నవ్వాడు. కత్తెరకు చెయ్యి అందించాడు.

"ఆయన అడిగింది అది కాదు," అని ఉంది తెర మీద ఇప్పుడు.

పిట్ట ఆ వరసకేసి చూస్తూ కూర్చుంది. కింద ఇంకో వరస వచ్చి చేరింది.

మాట్లాడేవారు 1: శబ్దమే తెలియని పిల్ల శబ్దం గురించి ఇంత బాగా ఎలా గీస్తుంది, ఇది ఈ పక్కమ్మాయి పనే కదా, నిజం చెప్పు అన్నాడు.

మొదటి గదిలో యంత్రం ఆగినట్టుంది. బల్ల వణకడం మానేసింది.

నిజం చెప్పు అన్నాడు. పిట్ట చెప్పింది. అవునండీ అంది. నవ్వుతూ అంది. సారు విన్నారు, క్లాసంతా విన్నది. తను గీసినదాన్ని తనది కాదని అందరి ముందూ తన నోటితోనే ఒప్పుకుని, ఆ సాయంత్రం చప్పట్లు కొట్టింది. ఆ టర్ము మార్కులు ఎందుకు తగ్గాయో, సారు ఎందుకు ముభావంగా మారారో, పెద్దాయన ఎవరిని, ఏమని అనుకుని తీసుకెళ్ళాడో, అన్నీ వచ్చి వాటి వాటి చోట్లలో కూర్చున్నాయి. ఏదీ చప్పుడు చెయ్యలేదు.

కోపం వస్తుందేమోనని పిట్ట కాసేపు చూసింది. చాలాసేపు ఒకే కాలు మీద కూర్చుని లేచినప్పుడు ఆ కాలు మనది కానట్టు ఉంటుందే, ఒళ్ళంతా అలాగే ఉంది.

టైపక్క ఏడుస్తోంది. యంత్రం (నిశ్శబ్దం) అని రాసింది.

నీ మొహం చూశాను, అంది ఆవిడ కళ్ళు తుడుచుకుని. ఎంత సంబరంగా నిలబడ్డావో. ఆ మాట నా వేళ్ళలోంచి నీ దగ్గరికి రావడం నాకిష్టం లేకపోయింది. కాస్త మెత్తబరిస్తే నువ్వేదో చెబుతావు, ఆయనకే తెలిసొస్తుంది అనుకున్నాను. నువ్వు అవునంటావని ఊహించలేదు. ఆ తర్వాత నోరు తెరవడానికి ధైర్యం చాలలేదు. అది దాచాను కాబట్టి క్లాసులో దాని గురించి ఎవరేమన్నా అదీ దాచాల్సొచ్చింది.

పిట్ట బల్ల మీద పడి ఉన్న దూది ముక్కను తీసి చెత్తబుట్టలో వేసింది. లేచి వెళ్ళిపోదామనే అనుకుంది. కుర్చీ వెనక్కి జరిపింది కూడా. అప్పుడొక సంగతి తట్టింది. జ్యూరీలో తను పాత టాబ్లెట్‌ని బల్ల మీద పెట్టుకుని నిలబడింది. పక్కన, భుజానికి భుజం తగిలేంత దగ్గరగా, మోడల్ పైకప్పు పట్టుకుని ఇంకొకళ్ళున్నారు.

మళ్ళీ కూర్చుంది.

"ఆయన అడిగింది కత్తెర విన్నది కదా."

మాట్లాడేవారు 1: విన్నది.

"నా తెర మీద మీరేం టైపు చేశారో?"

టైపక్క బల్ల మీదికి చెయ్యి చాపి పిట్ట వేళ్ళు పట్టుకుంది. పిట్ట లాక్కోలేదు, పట్టుకోనూ లేదు.

మాట్లాడేవారు 1: చూసింది. తెర చూసి, తలెత్తి నన్ను చూసింది. నేను తప్పు కొట్టానని తనకు తెలుసు. తను చెబుతుందని నేను ఎదురుచూశాను. నేను చెబుతానని తను ఎదురుచూసిందేమో. అంతలో నువ్వు అవునన్నావు. తను తల దించుకుంది.

అప్పటినుంచి ఎన్నిసార్లు కలిసి తిన్నారు, ఎన్నిసార్లు ఒకే గొడుగులో నడిచారు. ఆఫీసు నుంచి వచ్చాక, పెద్దాయన తనను ఎంత మెచ్చుకున్నాడో కత్తెర ఎప్పుడూ చెప్పేది కాదు. అణకువ అనుకుంది పిట్ట.

టైపక్క చెయ్యి ఒక్కసారిగా బిగిసింది. ఆవిడ చూపు పిట్ట భుజం మీదుగా తలుపు దగ్గరికి వెళ్ళి అక్కడే నిలబడిపోయింది. తెర మీద కొత్త అంకె వచ్చింది.

మాట్లాడేవారు 3: ఇక్కడున్నావా? నీకోసం ఎక్కడెక్కడ వెతికానో. ఆఫీసరుగారిని కలిసొచ్చాను. రేపు కమిటీలో అక్క కోసం నీ తరఫున నేను కూడా మాట్లాడుతున్నాను.

పిట్ట తనవైపు చూడకపోయినా మాట్లాడే అలవాటు కత్తెరకు ఉంది. అక్క ఎటూ టైపు చేస్తుంది కదా అని.

పిట్ట వెనక్కి తిరగలేదు. కళ్ళు తెర మీద నుంచి తీయలేదు.

"లోపలికి రా," అంది. "జ్యూరీలో పెద్దాయన నన్ను ఏమడిగాడో చెప్పు. ఆయన అన్న మాటలే చెప్పు."

టైపక్క కళ్ళు మూసుకుంది. అప్పుడు ఒక్క వరస వచ్చింది.

మాట్లాడేవారు 3: అక్క చెప్పేసిందా?